ఒంగోలు ఉప్పునీటికి తట్టుకునే స్నానాల గది గచ్చు: పరిశీలించిన రాళ్లు, కొన్న టైల్స్, కొన్న దుకాణం

ఒంగోలులోని మా ఇంటి స్నానాల గదిని ఈ ఏడాది నేల దాకా పగలగొట్టి మళ్లీ కట్టించాము. కుళాయిలు, గోడల రంగు, వాష్ బేసిన్ వంటివన్నీ ఇంట్లోవాళ్లం కూర్చుని సులువుగానే తేల్చుకున్నాము గాని, నేలకు ఏమి వేయాలన్న దగ్గర మాత్రం పని చాలా కాలం నిలిచిపోయింది. చీమకుర్తి గ్రానైట్, మార్కాపురం పలకరాయి, కడప బండ, బేతంచెర్ల బండ, ఆపైన రకరకాల టైల్స్ చూసిన తరువాత, చివరకు అడుగుకు అడుగు కొలత గల, మెరుపు లేని, పైనుంచి అడుగు దాకా ఒకే రంగున్న విట్రిఫైడ్ టైల్‌ను, అంటే బాగా వేడికి కాల్చి నీరు దాదాపు పీల్చకుండా చేసిన రకాన్ని, ఎంచుకున్నాము. సందుల్లో ఎపాక్సీ, అంటే కలిపిన కాసేపటికి గట్టిపడే రసాయన జిగురు, నింపించాము. గడపకు, వాష్ బేసిన్ కింది బల్లకు మాత్రం చీమకుర్తి రాయే వేయించాము. ఈ ఎంపికకు గల కారణాలను, మేము వద్దనుకున్న వాటి మంచిచెడ్డలను, టైల్స్ కొన్న దుకాణం తీరును ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో బోరు నీళ్లతో నడిచే ఇళ్లవాళ్లకు ఇది ఉపయోగపడుతుందని నా నమ్మకం.

మా గది పొడవు 8 అడుగులు, వెడల్పు 5 అడుగులు. తాగడానికి మునిసిపాలిటీ నీళ్లు ఉన్నా, స్నానానికి, బట్టలకు, కడగడానికి వాడేది బోరు నీరే. సముద్రం దగ్గర కావడం వల్ల ఈ ఊళ్లో చాలా వీధుల బోర్లలో ఉప్పు ఎక్కువ. ఆ నీళ్లు ఆరిపోయిన చోటల్లా తెల్లటి చారలు కడతాయి. కుళాయి మూతి చుట్టూ, బకెట్ అడుగున సున్నపు పొర పేరుకుంటుంది. దాన్ని వదలగొట్టడానికి ఎక్కువ మంది ఇళ్లలో యాసిడ్ సీసా తెచ్చి పెట్టుకుంటారు. పైగా మన స్నానం బకెట్, చెంబులతో సాగేది కాబట్టి గది నేల మొత్తం తడుస్తుంది. నీళ్లు పడే భాగం వేరు, పొడిగా ఉండే భాగం వేరు అన్న విభజన మన ఇళ్లలో చాలా వరకు లేదు. పండుగ రోజు నువ్వుల నూనె పెట్టుకుని, సున్నిపిండితో నలుగు పెట్టుకుని తలంటు పోసుకునే ఇంట్లో నేల మీద నూనె, పిండి, సబ్బు నురగ మూడూ కలిసి పారుతాయి. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఆవిడ పాదం నేల మీద నిలవడమే మాకు అన్నిటికంటే ముఖ్యం. కనుక మేము ప్రతి రకాన్నీ మూడు ప్రశ్నలతో చూశాము: సబ్బు, నూనె పడ్డ తడి మీద కాలు నిలుస్తుందా, ఉప్పునీటి చారలు ఎంతగా కనిపిస్తాయి, యాసిడ్ పడితే ఏమవుతుంది. అందం, ధర ఆ తరువాతి సంగతులు.

ఒంగోలులో ఉండి గ్రానైట్ ఆలోచన రాకుండా ఉండదు. కర్నూలు రోడ్డు మీద సుమారు ఇరవై కిలోమీటర్లు వెళితే చీమకుర్తి వస్తుంది. దేశదేశాలకు ఎగుమతి అయ్యే బ్లాక్ గెలాక్సీ రాయి అక్కడి క్వారీలదే. వ్యాపారంలో దాన్ని గ్రానైట్ అంటారు గాని, భూగర్భ శాస్త్రం దాన్ని గాబ్రో జాతి శిలగా లెక్కిస్తుంది. నల్లటి రాతిలో నక్షత్రాల్లా మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజపు రేణువులు. మా ఊరి పక్కనే దొరికే రాయి కనుక రవాణా ఖర్చు తక్కువ. పెద్ద పలకలు కోయగా మిగిలే ముక్కలు, స్నానాల గది వంటి చిన్న నేలకు సరిపోయేవి, కటింగ్ యూనిట్ల దగ్గర చవకగా దొరుకుతాయి. రాయి గట్టిదనంలో తిరుగులేదు. నీటిని దాదాపు పీల్చదు. ఇంట్లో వాడే యాసిడ్‌కు సున్నపురాయిలా పొంగి కరిగిపోదు.

అయినా అద్దంలా పాలిష్ చేసిన గెలాక్సీని స్నానాల గది నేలకు నేను సిఫారసు చేయను. పొడిగా ఉన్నప్పుడు దాని మీద నడక బాగానే ఉంటుంది, నీళ్లు మాత్రమే పడినా జాగ్రత్తగా నడవవచ్చు. సబ్బు నీళ్లు పడితే మాత్రం పాదానికి పట్టు ఉండదు. మా మేస్త్రి ఒక్క మాటలో తేల్చేశాడు: "బండ నున్నగుంటే కాలు నిలవదమ్మా. హాల్లో ఏపియ్యండి, బాత్రూములో ఒద్దు." రెండో ఇబ్బంది రంగుతో వస్తుంది. నల్లటి నేల మీద ఉప్పునీటి చార ప్రతి ఒక్కటీ తెల్లగా పైకి కనిపిస్తుంది. ఈ ఊరి నీళ్లకు ఆ నేలను స్నానం అయిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడవకపోతే నలుపు పోయి బూడిద రంగు మిగులుతుంది.

పాలిష్ వద్దనుకునేవాళ్లకు యూనిట్లలో మరో రెండు దారులు చూపిస్తారు. ఒకటి లెదర్ ఫినిష్. వజ్రపు రజను పొదిగిన బ్రష్‌లతో రాయిని రుద్ది, పైభాగం తోలులా సన్నగా ఎగుడుదిగుడుగా ఉండేలా చేస్తారు. రంగు పెద్దగా తగ్గదు, కాలికి పట్టు దొరుకుతుంది. చేత్తో తడిమి చూస్తే ఆ తేడా వెంటనే తెలుస్తుంది. రెండోది రాయి పైపొరను మంటతో కాల్చి గరుకు చేయడం. క్వార్ట్జ్ ఎక్కువగా ఉన్న రాళ్లకు ఈ పద్ధతి బాగా కుదురుతుంది, ఎందుకంటే వేడికి ఆ రేణువులు చిట్లి ఎగిరిపోయి ఉపరితలం గరుకెక్కుతుంది. గెలాక్సీలో ఆ గుణం తక్కువ కావడంతో కాల్చిన తరువాత నలుపు వెలిసి, ఏ చుక్కలకోసం ఆ రాయిని కొంటామో ఆ చుక్కలే మసకబారతాయి. కనుక గ్రానైటే కావాలని పట్టుబట్టేవాళ్లు లెదర్ ఫినిష్ తీసుకోవడం మేలు. మేము గడపకు వేయించింది అదే. నలుపు రాళ్లు కొనేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. తక్కువ రకం రాళ్లకు నూనో రంగో పూసి నల్లగా చూపించి అమ్మడం ఈ వ్యాపారంలో ఉన్నదే. తెల్లగుడ్డను గోళ్లరంగు తుడిచే ద్రవంలో ముంచి రాతి మీద గట్టిగా రుద్దితే, గుడ్డకు నలుపు అంటితే ఆ రాయి వద్దు.

మార్కాపురం పలకరాయి మీద నాకు ఎంతో ఇష్టం. ఒకప్పుడు బడి పిల్లల చేతిలోని పలకలు ఎక్కువగా ఆ ఊరి నుంచే వెళ్లేవి. ఆ రాయే ఇప్పుడు గోడలకు, నేలలకు వాడే టైల్స్ రూపంలో నలుపు, బూడిద, ఆకుపచ్చ, తుప్పు రంగు కలిసిన రకాల్లో వస్తున్నది. దాని స్వభావం పొరలుపొరలుగా చీలడం. కోతమిషను పెట్టకుండా ఉలితో పొర విడదీసిన రాయికి సహజంగానే గరుకు ఉంటుంది. తడి మీద కాలు నిలిచే విషయంలో మేము చూసిన రాళ్లన్నిటిలోకీ అదే మొదటిది. తడిసినప్పుడు దాని రంగు ముదిరి, వాన పడ్డ నేలలా అందంగా ఉంటుంది కూడా.

ఆ పొరల స్వభావమే స్నానాల గదిలో ఇబ్బందిగా మారుతుంది. మందం ఒక బండకూ మరో బండకూ ఒకటిగా ఉండదు. వాటిని ఒకే మట్టంలోకి తేవాలంటే కింద సిమెంటు మాలు మందంగా పోయాలి, మేస్త్రికి ఓపిక ఉండాలి. రోజూ నీళ్లు నానే చోట పలచటి పొరలు అంచుల దగ్గర లేచే అవకాశం ఉంది. లేచిన పొర అంచు పాదానికి గుచ్చుకుంటుంది. గరుకు గుంటల్లో సబ్బు మురికి, సున్నిపిండి కూరుకుపోతే బ్రష్‌తో తప్ప రావు. తుప్పు రంగు కలిసిన రకాల్లో ఇనుము పాలు ఉంటుంది కనుక తడికి ఆ మరక పక్క రాళ్ల మీదకు పాకవచ్చు. నీరు పీల్చకుండా సీలర్ పూయాలి, దాన్ని కొంతకాలానికొకసారి మళ్లీ పూస్తూ ఉండాలి. ఇవన్నీ ఆలోచించి లోపల వద్దనుకున్నాము. కాని పెరట్లో కాళ్లు కడుక్కునే చోట, కుళాయి కింద, ఎండ తగిలి త్వరగా ఆరే జాగాలో ఆ రాయికి సాటి లేదు. ఆ పని త్వరలో చేయించాలన్న ఆలోచన ఉంది.

కడప బండలు, బేతంచెర్ల బండలు ఈ ప్రాంతపు పాత ఇళ్లన్నిటిలో కనిపిస్తాయి. మా ఇంట్లో తీసేసిన గచ్చు కూడా కడప బండదే. చవక, చల్లదనం, దశాబ్దాల మన్నిక వాటి గుణాలు. పలచగా, బల్లపరుపుగా దొరకడం వల్ల పరచడం తేలిక. వీటికున్న ఇబ్బంది ఒక్కటే, అది స్నానాల గదికి సంబంధించినంత వరకు పెద్దది: ఇవి సున్నపురాళ్లు. మరుగుదొడ్డి కడగడానికి వాడే యాసిడ్ వీటి మీద పడిన చోట నురగ వస్తుంది. ఆ నురగ సున్నం కరిగిపోతున్నందుకు గుర్తు. మా పాత నేలలో కమోడ్ చుట్టూ ఉన్న బండలు మిగతా బండల కంటే దిగిపోయి, పాలిపోయి, చేత్తో రాస్తే సుద్దలా పొడి అంటేంత వరకు వచ్చాయి. తూము దగ్గరి బండ మీద నీళ్లు నిలిచే గుంట పడింది. యాసిడ్ ముట్టుకోకుండా సబ్బు నీళ్లతో మాత్రమే కడిగే ఇళ్లకు, పాలిష్ చేయని కడప బండ ఇప్పటికీ మంచి ఎంపికే. ఆ క్రమశిక్షణ ఇంట్లో అందరికీ, పనికి వచ్చే మనిషికి కూడా ఉంటుందన్న నమ్మకం ఉన్నప్పుడే దాన్ని ఎంచుకోవాలి. పాలరాయి గురించి వేరే చెప్పనక్కర్లేదు. యాసిడ్ విషయంలో అది కూడా ఈ కోవలోదే.

ఇక టైల్స్. దుకాణంలోకి అడుగు పెట్టగానే వినిపించే పేర్లు కొనేవాణ్ణి కంగారు పెడతాయి: సిరామిక్, విట్రిఫైడ్, డబుల్ చార్జ్, ఫుల్ బాడీ, జీవీటీ, పీజీవీటీ. ఎక్కువ సరుకు గుజరాత్‌లోని మోర్బీ నుంచి వస్తుంది. అన్నిటి మధ్య అసలు తేడాను ఒక్క అంకెతో అర్థం చేసుకోవచ్చు, అది టైల్ పీల్చే నీటి శాతం. అంతర్జాతీయ ప్రమాణంలో 0.5 శాతానికి మించి నీరు పీల్చనివి ఒక తరగతి; విట్రిఫైడ్, పోర్సిలిన్ అనేవి ఇందులోకి వస్తాయి. 10 శాతం కంటే ఎక్కువ పీల్చేవి చివరి తరగతి. సాధారణంగా గోడలకు వేసే తేలికపాటి టైల్స్ ఇవే. మధ్యలో మరికొన్ని తరగతులున్నాయి. పెట్టె మీద లేదా కంపెనీ సాంకేతిక పత్రంలో ఈ తరగతి రాసి ఉంటుంది. గోడ టైల్ బాగుంది కదా అని నేలకు వేయడం తగదు, అది నీటికీ బరువుకూ రెండింటికీ తట్టుకోదు. టైల్ వెనక్కి తిప్పి, మట్టి కనిపించే భాగం మీద రెండు చుక్కల నీళ్లు వేసి చూస్తే కూడా సంగతి కొంత తెలుస్తుంది. గోడ టైల్ ఆ చుక్కను వెంటనే తాగేస్తుంది, విట్రిఫైడ్ మీద అది అలాగే నిలబడి ఉంటుంది.

జీవీటీ అంటే పైన గాజుపూత వేసిన విట్రిఫైడ్ టైల్, పీజీవీటీ అంటే దాని పైన మెరుపు పాలిష్ చేసినది. పీజీవీటీ హాలుకు అందంగా ఉంటుంది, స్నానాల గదిలో మాత్రం పాలిష్ గ్రానైట్‌కున్న ప్రమాదమే దానికీ ఉంది. రెండు పొరలుగా నొక్కి చేసే డబుల్ చార్జ్ రకం కూడా ఎక్కువగా మెరుపుతోనే వస్తుంది. మ్యాట్ పేరుతో అమ్మేవన్నీ ఒకటి కావని గుర్తుంచుకోవాలి. కొన్నిటి మీద మెరుపు మాత్రమే తగ్గించి ఉంటారు, వేలితో రాస్తే నున్నగానే జారుతుంది. వేలికి సన్నటి ఇసుకకాగితంలా తగిలే రకం వేరు. మరీ గరుకైనది కూడా వద్దు. పార్కింగ్ కోసం చేసిన టైల్స్ పెద్దపెద్ద బొడిపెలతో ఉంటాయి, వాటి మధ్య సబ్బు మురికి చేరి కొన్నాళ్లకు పాచి పడుతుంది. పాచి పట్టిన గరుకు నేల, నున్నని నేలకంటే ఎక్కువ జారుతుంది.

జారుడుకు కూడా కొలత ఉంది, దాన్ని అడిగి తెలుసుకోవాలి. చాలా కంపెనీలు ఆర్ 9, ఆర్ 10, ఆర్ 11 అని జర్మనీ ప్రమాణాన్ని రాస్తాయి. ఏటవాలు బల్ల మీద టైల్స్ పరిచి, నూనె పోసి, దాని మీద బూట్లు తొడుక్కున్న మనిషిని నడిపించి, ఎన్ని డిగ్రీల వాలు దగ్గర జారతాడో చూసి ఆ అంకె ఇస్తారు. ఆర్ 9 అంటే 6 నుంచి 10 డిగ్రీలు, ఆర్ 10 అంటే 10 నుంచి 19, ఆర్ 11 అంటే 19 నుంచి 27. ఆర్ 9 అన్నది పట్టు తక్కువగా ఉన్న మొదటి మెట్టు అని చాలామంది కొనుగోలుదార్లకు తెలియదు. అది చూపించి "యాంటీ స్కిడ్" అని అమ్ముతుంటారు. బూట్లతో చేసే ఈ పరీక్షకంటే స్నానాల గదికి మరింత దగ్గరగా ఉండేది ఒట్టి కాళ్లతో, సబ్బు నీళ్ల మీద చేసే మరో పరీక్ష. దాని ఫలితాన్ని ఏ, బీ, సీ అక్షరాలతో చెబుతారు: కనీసం 12 డిగ్రీల దాకా నిలిస్తే ఏ, 18 దాకా నిలిస్తే బీ, 24 దాకా నిలిస్తే సీ. పెద్దవాళ్లు ఉన్న ఇంటికి నేను బీ కంటే తక్కువ తీసుకోమని చెప్పను. ఈ అక్షరం పెట్టె మీద కనిపించడం అరుదు. కంపెనీ పత్రాన్ని ఫోనులోకి తెప్పించి చూపమని దుకాణదారుణ్ణి అడగడంలో తప్పు లేదు.

కొలత విషయానికి వస్తే, ఇప్పుడు అందరి కళ్లూ రెండడుగులకు రెండడుగులు, అంతకంటే పెద్ద టైల్స్ మీద ఉన్నాయి. సందులు తక్కువ, చూపుకు విశాలంగా ఉంటుందని చెబుతారు. స్నానాల గది నేల హాలు నేల కాదు, దానికి వాలు ఉండాలి. పెద్ద టైల్ వంగదు కనుక నాలుగు వైపుల నుంచి తూము వైపు వాలు తేవాలంటే దాన్ని మూలమూలలుగా కోయవలసి వస్తుంది, లేదా వాలు తగ్గించి నీళ్లు నిలిచేలా వదిలేయవలసి వస్తుంది. అడుగు టైల్ వాలుకు తేలికగా ఒదుగుతుంది. సందులు ఎక్కువ ఉండడం వల్ల పాదానికి పట్టు కూడా పెరుగుతుంది. ఇక్కడ కొనేవాళ్లు గమనించవలసిన చిన్న లెక్క ఒకటుంది. అడుగు టైల్ అని పిలిచేది నిజానికి 300 మిల్లీమీటర్లు. అడుగంటే దాదాపు 305. మా 40 చదరపు అడుగుల నేలకు 40 టైల్స్ చాలవు, 42 కావాలి. కోతలకు, పగుళ్లకు పదో వంతు కలిపితే 46 దాకా తేలుతుంది. తరువాత ఎప్పుడైనా పైపు మరమ్మతు వస్తే పనికొచ్చేలా మరికొన్ని దాచుకోవాలి.

ఫుల్ బాడీ రకాన్ని తీసుకోవడానికి కారణం, ఎక్కడైనా బకెట్ పడి పెచ్చు లేచినా లోపల కూడా అదే రంగు ఉంటుంది. పైపొర మీద మాత్రమే బొమ్మ వేసిన టైల్ పెచ్చు లేస్తే తెల్లటి మచ్చ కనిపిస్తుంది. రంగు విషయంలో నలుపు, ముదురు గోధుమ రంగు, చొక్కపు తెలుపు మూడూ పక్కన పెట్టాము. ఇసుక రంగులో సన్నటి మచ్చలున్న రకం ఉప్పు చారలను చాలావరకు కలుపుకుంటుంది.

ఈ మధ్య కొన్ని దుకాణాలు ప్లాస్టిక్ తరహా ఎస్పీసీ పలకలను, నీటికి తట్టుకుంటాయన్న భరోసాతో స్నానాల గదికి కూడా చూపిస్తున్నాయి. పలక నీటికి తట్టుకోవచ్చు గాని, ఒకదానికొకటి తగిలించే వాటి సందుల్లోంచి నీళ్లు కిందికి దిగుతాయి. చెంబు స్నానపు ఇళ్లకు అది పనికిరాదు.

టైల్స్ కొన్నది కర్నూలు రోడ్డులోని ఒక మధ్యస్థాయి దుకాణంలో. పేరు రాయడం లేదు గాని, ఆ దుకాణంలోని ఒక ఏర్పాటు ప్రతిచోటా ఉంటే బాగుండుననిపించింది. లోపలి వైపు కుళాయి కింద సిమెంటు తొట్టిలాంటి జాగా కట్టి, అందులో పది పన్నెండు రకాల మ్యాట్ టైల్స్ నేలకు అతికించి ఉంచారు. చెప్పులు విప్పి, నీళ్లు వదిలి, వాటి మీద నిలబడి చూసుకోవచ్చు. పక్కన సబ్బు నీళ్ల డబ్బా కూడా ఉంది. మేము ఇంటి నుంచి నువ్వుల నూనె చిన్న సీసాలో తీసుకెళ్లి, అనుమతి అడిగి రెండు చుక్కలు వేసి చూశాము. యజమాని అభ్యంతరం చెప్పలేదు సరికదా, "మా ఇంట్లో కూడా తలంటు ఉంటదండీ, చూసుకోండి" అన్నారు. గోడకు నిలబెట్టిన టైల్‌ను దీపాల వెలుగులో చూసి నచ్చడం వేరు, దాని మీద తడి పాదంతో నిలబడి చూడడం వేరు. గోడ మీద చూసినప్పుడు మాకు అందంగా కనిపించిన రెండు రకాలు ఆ తొట్టిలోనే తేలిపోయాయి. మడమ వెనక్కి నొక్కి, బొటనవేలిని ముందుకు తోస్తే, మంచి టైల్ మీద పాదం కరుచుకుని ఆగుతుంది, చెడ్డదాని మీద నూనె పూసిన పళ్లెం మీదలా ముందుకు పోతుంది.

పెట్టెలు తెరవని పక్షంలో బిల్లు చూపిస్తే తిరిగి తీసుకుంటారు, అది మంచి పద్ధతి. పెట్టెలన్నిటి మీదా బ్యాచ్ సంఖ్య, షేడ్ సంఖ్య ఒకటే ఉన్నాయో లేదో వాళ్లే మా ఎదుట సరిచూసి ఎక్కించారు. వేర్వేరు బ్యాచ్‌ల రంగులో వచ్చే తేడా దుకాణంలో తెలియదు, పరిచిన తరువాత మాత్రం గది మధ్యలో గీత గీసినట్టు కనిపిస్తుంది. లోపాలు కూడా చెప్పాలి. పేరున్న కంపెనీల సాంకేతిక పత్రాలు అడిగిన వెంటనే ఇచ్చారు గాని, చవకరకం మోర్బీ సరుకుకు సంబంధించి ఏ కాగితమూ చూపలేకపోయారు. దింపుడు కూలి బిల్లులో కలపకుండా ఇంటి దగ్గర విడిగా అడిగారు. అది ముందే మాట్లాడుకోవాలి. ఎపాక్సీ, టైల్ జిగురు అక్కడ బయటికంటే కొంచెం ఎక్కువ ధర అనిపించి వేరే చోట తెచ్చుకున్నాము.

ఎంత మంచి టైల్ కొన్నా పరిచే తీరులో తేడా వస్తే అంతా వృథా. పాత బండలు తీసిన తరువాత మేస్త్రి చేత నేలను, గోడల మీద అడుగు ఎత్తు వరకు, నీళ్లు పడే వైపు గోడను మనిషి ఎత్తు వరకు, నీరు దిగకుండా ఆపే సిమెంటు పూత రెండు సార్లు పూయించాము. మొదటి పూత ఆరాక రెండోది అడ్డంగా వేయాలి. గోడ, నేల కలిసే మూలలో మాలుతో గుండ్రటి అంచు తీర్చాలి, ఎందుకంటే లీకులు మొదలయ్యేది ఎక్కువగా అక్కడే. పూత ఆరిన తరువాత తూముకు గుడ్డ బిగించి, గడప దగ్గర చిన్న మాలు కట్ట వేసి, నీళ్లు నింపి ఒక పూర్తి రోజు వదిలేశాము. ఈ పరీక్షకు తొందరపడని మేస్త్రి దొరకడం అదృష్టమనే చెప్పాలి. పని త్వరగా ముగించాలన్న ఆత్రంతో దీన్ని దాటవేసిన ఇళ్లలోనే కొన్నాళ్లకు పక్కగది గోడ అడుగున తేమ ఎక్కుతుంది.

వాలును 5 అడుగులకు అంగుళం చొప్పున పెట్టించాము. మా తూము మూలన, తలుపుకు ఎదురుగా 8 అడుగుల దూరంలో ఉంది. తలుపు దగ్గరికీ తూముకూ మధ్య అంగుళంన్నర పైన తేడా వచ్చింది. మేస్త్రి ప్రతి వరుసకూ రసమట్టం పెట్టి, కింద కొలిచిన చెక్కముక్క ఆనించి చూసుకుంటూ పోయాడు. విట్రిఫైడ్ టైల్ నీరు పీల్చదు కాబట్టి ఒట్టి సిమెంటు పాలు దాన్ని గట్టిగా పట్టుకోలేవు. పాలిమర్ కలిసిన టైల్ జిగురు వాడాలి. ఐ.ఎస్. 15477 అన్న భారతీయ ప్రమాణపు గుర్తు సంచి మీద ఉందో లేదో చూడాలి, ఆ ప్రమాణంలోనే జిగురు రకాలు వేర్వేరుగా ఇచ్చారు. జిగురును పళ్ల తాపీతో గీసి, టైల్‌ను నొక్కి, రబ్బరు సుత్తితో తట్టాలి. ఆరిన తరువాత నాణెంతో తట్టి చూస్తే, డొల్లగా మోగిన చోట కింద ఖాళీ ఉందన్నమాట. అలాంటిది ఒకటి మోగితే తీయించి మళ్లీ వేయించాము.

సందుల్లో మామూలు సిమెంటు గ్రౌట్ నింపితే, యాసిడ్ తగిలిన కొద్దీ అది కరిగి, సందు గుంటపడి, అందులో నలుపు చేరుతుంది. ఎపాక్సీ గ్రౌట్ దానికంటే చాలా ఖరీదు, నింపేవాడికి చేయి తిరిగి ఉండాలి. కలిపిన తరువాత కొద్ది సేపటికే గట్టిపడుతుంది కాబట్టి కొంచెం కొంచెంగా కలపాలి, టైల్ మీద అంటుకున్నదాన్ని వెంటనే తడిస్పాంజితో తుడవాలి. గరుకు టైల్ గుంటల్లో అది ఒకసారి ఆరితే పొగమంచులాంటి పొర మిగులుతుంది. మా గదిలో తూము పక్కన అరచేతి మేర ఆ పొర ఇంకా కనిపిస్తుంది, మేస్త్రి తుడిచినా పూర్తిగా పోలేదు. అయినా ఈ నేల మీద నేను పెట్టిన ఖర్చుల్లో అన్నిటికంటే సార్థకమైనది ఈ ఎపాక్సీయే.

వాడకం మొదలైన తరువాత వచ్చిన అనుభవం ఇది. అత్తగారు గోడ పట్టుకోకుండా లోపలికి వెళ్లి వస్తున్నారు. ఉగాదికి తలంటు పోసుకున్నప్పుడు కూడా, నూనె, సున్నిపిండి కలిసిన నీళ్లు పారుతున్న నేల మీద ఇబ్బంది పడలేదు. నీళ్లు ఎక్కడా నిలవడం లేదు, స్నానమైన కాసేపటికి తడి మాత్రం మిగిలి, ఆపైన ఆరిపోతున్నది. ఉప్పు చారలు ఉన్నాయి, అవి లేకుండా పోవు. కాని దగ్గరకు వంగి చూస్తే తప్ప తెలియవు. వాటికి వెనిగర్‌ను నీళ్లలో కలిపి పోసి, కాసేపు నాననిచ్చి, బ్రష్‌తో రుద్దుతున్నాము. యాసిడ్ సీసా ఇంట్లోకి మళ్లీ రాలేదు. అసౌకర్యం ఒకటి ఉంది. మెరుపు నేలను తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే చాలు, ఈ గరుకు నేలను మాత్రం వారానికొకసారైనా గట్టి బ్రష్‌తో రుద్దాలి. పనికి వచ్చే అమ్మాయికి అది అదనపు శ్రమ, అందుకు తగ్గట్టు జీతం పెంచాము. గడపకు వేసిన లెదర్ ఫినిష్ గెలాక్సీ మీద తెల్లచారలు రోజూ కనిపిస్తాయి. నేలంతా అదే వేసి ఉంటే తుడవడం ఎవరి తరమూ అయ్యేది కాదు.

పై అంతస్తులోని స్నానాల గదికి కూడా ఇదే టైల్ వేయించాలని నిర్ణయించి, అదే బ్యాచ్ సరుకు దొరికినప్పుడే కొని మెట్ల కింద పేర్చి పెట్టాము. అక్కడ తూము గది నడిమధ్యన ఉంది. దాన్ని మూలకు జరపడానికి పైపు ఎంత మేర మార్చాలో మేస్త్రి కొలిచి చెప్పిన తరువాత ఆ పని మొదలుపెడతాము.